గుర్రానికి ఉన్న పేరు

తిన్న అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా నోట నిజం వినడం మా సొసైటీలో ఎవరికీ అలవాటు లేదు గనక ముందే చెబుతున్నాను. ఏళ్ళ తరబడి ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం నోయిడాలోని మా సొసైటీ తెలుగువాళ్ళం, మిలిటరీ కంటోన్మెంటు నుంచి వచ్చిన రెండు కుటుంబాలూ బస్సు మాట్లాడుకుని ఢిల్లీలో ఒక మ్యూజియానికి వెళ్ళాం. అడవులనూ కొండలనూ తొలిసారి కొలిచిన దొరల గురించీ, అంతకు ముందు నుంచే అక్కడ ఉన్న జనం గురించీ పెట్టింది. గోదావరి మన్యం గదిలో ఒక పాత ఫోటో. మధ్యలో దొర, పక్కన గుర్రం, కళ్ళెం పట్టుకుని ఒక కోయ మనిషి. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. కింద చీటీలో దొర పేరుంది. గుర్రం పేరుంది. ఆ మనిషి మాత్రం ‘స్థానిక సహాయకుడు’.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది. గడ్డి తిన్నదానికి పేరుండి, దారి చూపినవాడికి లేకపోవడమేమిటి? ఆ కోపం నిజం. కానీ కోపం తెచ్చుకుని ఊరుకునే నోరు కాదు నాది.

అందరినీ పిలిచి, “ఈయన పులి భీమన్న. గనికి దారి చెప్పనన్నాడని దొర వేళ్ళు నరికించాడు” అన్నాను.

“మరి నరికించినవాడి గుర్రం పట్టుకున్నాడేంటండీ?” అన్నాడు పక్కింటాయన.

“లోయలోకి తోలడానికి భయ్యా.”

అప్పుడు ఒక హవల్దారు భార్య ముందుకొచ్చింది. చింతూరు వైపు కోయ అమ్మాయి.

“సార్, ఈయన మా తాత వాళ్ళ నాన్న. దొర గుర్రం పట్టేవాడని మా తాత చెప్పేవాడు. ఆ వేళ్ళు ఎలుగుబంటి కొరికింది.”

“లెక్కపెట్టుకుని రెండే కొరికిందా అమ్మా?” అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం బస్సు బయలుదేరేదాకా ఆ ఫోటో దగ్గరే నిలబడింది.

సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో ఆమె పెద్ద మెసేజ్ పెట్టింది. అడ్మిన్‌ని నేనే. చదవకుండానే తీసేశాను. తర్వాత నా భీమన్న మా తెలుగు సంఘం సావనీరులో అచ్చయ్యాడు. నాకు శాలువా కప్పారు. మా పిల్లలు ఫ్యాన్సీ డ్రెస్సులో రెండు వేళ్ళు మడిచి భీమన్న వేషం వేస్తున్నారు. హవల్దారుకు బదిలీ అయింది. నేను ఆమెకు ఒక్కసారైనా ఫోన్ చేశానా? లేదు. చీటీ రాసినవాడికి ఆ మనిషి పేరు తెలియదేమో, అడగాలని తోచలేదేమో. ఆయన సొంత మనిషే ఎదురుగా నిలబడి చెబుతుంటే నవ్వించినవాణ్ణి, నన్నేమనాలి? దొరల మీద అంత మండిపడ్డ నేను, వాళ్ళు ఖాళీగా వదిలేసిన చోట నా అబద్ధాన్ని కూర్చోబెట్టాను. ఇక అక్కడ నిజానికి చోటు కూడా లేకుండా చేశాను.

ఒట్టేశాను గానీ, ఒక్కచోట కల్పించాను. చదవకుండా తీసేశానన్నది అబద్ధం. రెండుసార్లు చదివాను. ‘వేళ్ళ సంగతి మీ ఇష్టం సార్, పేరు మాత్రం మార్చకండి’ అని రాసి, కింద ఆయన పేరు పెట్టింది. అది ఇన్నాళ్ళూ నాకు తెలుసు. క్షమించమని అడగను. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఆయన పేరు కుర్సం లచ్చయ్య.