పై పోర్షన్‌లో ఎవరూ లేరండీ

ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. దాన్ని దించుకోవడానికే రాస్తున్నాను, మీ జాలి కోసం కాదు. ఓదార్చే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆపేయండి. ‘పాపం, పరిస్థితులు అలాంటివి’ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పరిస్థితులు కావు. నేను.

మాది ప్రేమ పెళ్లి. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని. మా ఆయన వాళ్లది అమీర్‌పేట సందుల్లో పాతుకుపోయిన కుటుంబం. అత్తయ్యకు నేను మొదటి రోజు నుంచీ ‘ఆంధ్ర పిల్ల’నే. నేను ‘ఏంటి’ అంటే ఆవిడ చుట్టాల ముందు ‘ఏంటండీ’ అని సాగదీసి అందరినీ నవ్వించేది. పులుసులో పులుపు ఎక్కువైతే మా ఊరిదే తప్పు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒక్కొక్కటీ దాచుకున్నాను. నాకు మరుపు తక్కువ.

అలాంటి ఇంటికి రెహెమా వచ్చింది. టాంజానియా పిల్ల. ఇక్కడ ఫిజియోథెరపీ చదువుతోంది, ఇంకొక్క ఏడాది ఉంది. టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే, ఆమె ముఖం చూడగానే ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అనేవాళ్లట. శ్రీనగర్ కాలనీ అంతా తిరిగి, కాళ్లు వాచి మా గేటు దగ్గరికొచ్చింది. అత్తయ్య ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పై పోర్షన్ తాళం చేతిలో పెట్టింది. నేనెంత మురిసిపోయాననుకున్నారు! మిగతా ఇళ్లవాళ్లలాంటి వాళ్లం కామని ఆఫీసులో చెప్పుకున్నాను కూడా.

ఆఫీసంటే, పంజాగుట్టలో విదేశాలకు వెళ్లే పిల్లలకు వీసా కాగితాలు సిద్ధం చేసే కన్సల్టెన్సీ. ఒక్క చిరునామా రుజువు లేకపోతే ఒక మనిషి బతుకు ఎలా తలకిందులవుతుందో నాకు తెలిసినంతగా మా వీధిలో ఎవరికీ తెలియదు. విదేశీయులకు ఇల్లిస్తే ఆ సంగతి ఇంటివాళ్లే ఆన్‌లైన్‌లో పోలీసులకు తెలపాలి. మా ఆయన ఆ పని నాకప్పగించాడు. చేశానని చెప్పాను. చేయలేదు. మొదట్లో అది బద్ధకమే, ఒట్టు. తర్వాత కాదు.

తర్వాత ఏమైందంటే, ఆ పిల్ల నా కళ్లముందే ఇంటిమనిషైపోయింది. సాయంత్రం కిందికి దిగి అత్తయ్య మోకాళ్లకు వ్యాయామం చేయించేది. అత్తయ్య దగ్గరే తెలుగు నేర్చింది. ‘ఏందమ్మా, నొప్పి జర తగ్గిందా?’ అని అడుగుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయేది. నేను పెళ్లయిన ఇన్నాళ్లకూ నా మాట మార్చుకోలేదు. మార్చుకోమని ప్రేమగా ఎవరైనా అడిగారా? అడిగినా మార్చుకునేదాన్నా? ఏమో. సముద్రం దాటి వచ్చిన పిల్ల ‘బిడ్డా’ అనిపించుకుంటే, కొడుకు తాళి కట్టిన నేను ‘ఏమే’గానే మిగిలాను. అంతే నాకు తెలిసింది.

ఆషాఢం వచ్చింది. అమ్మవారికి మా ఇంటి బోనం ఏటా ఆడబిడ్డ వచ్చి ఎత్తేది. ఆ ఏడాది ఆమెకు రావడం కుదరలేదు. ఇక నాకే ఇస్తారనుకున్నాను. తలంటుకుని, పసుపుచీర కట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అత్తయ్య నా వైపు చూసింది. ‘నీకు అలవాటు లేదులే’ అని ఆ నొప్పి మోకాళ్లతో తానే బోనం తలకెత్తుకుంది. పడిపోకుండా ఒక పక్కన రెహెమా పట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు వేసుకోవడానికి ఆవిడ చెప్పులు ఒక సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. డప్పుల మధ్య, అంత జనంలో, బల్కంపేట అమ్మవారి గుడి దాకా ఆ చెప్పుల సంచి పట్టుకుని వాళ్లిద్దరి వెనక నడిచాను.

తర్వాతి వారమే కానిస్టేబుల్ వచ్చాడు. మా ఆయన పనికి వెళ్లాడు. రెహెమా అత్తయ్యను డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లింది. ఇంట్లో నేనొక్కదాన్నే.

“రెహెమా అని బయటిదేశం పిల్ల. వీసా పొడిగించమని అర్జీ పెట్టుకున్నది. మీ పై పోర్షన్ల ఉంటదా అమ్మా?” అన్నాడు.

“ఎవరండీ?”

“రెహెమా. ఆన్‌లైన్ల మీ ఇంటి నుంచి ఏం రాలే. ఉంటే చెప్పుండ్రి, గిప్పుడే రాసుకొని పోత.”

“పై పోర్షన్‌లో ఎవరూ లేరండీ.”

అతను తలెత్తి చూశాడు. డాబా మీది తీగపై రెహెమా దేశపు గుడ్డ, పెద్ద పెద్ద పూలది, ఆరేసి ఉంది.

“గా గుడ్డ ఎవరిది?”

“నాదేనండీ.”

“జర మంచిగ యాద్ చేసుకోండ్రి. లేదని రాస్తే పిల్లకు మస్తు కష్టమైతది.”

“లేరని చెప్తున్నాను కదండీ.”

మంచివాడు. రెండోసారి అడిగాడు. నా కోసం ఒక తలుపు తెరిచి పెట్టాడు, నేను దాన్ని ధడాలున మూశాను. గేటు వేసి లోపలికొచ్చి కాఫీ కలుపుకున్నాను. ఆ కాఫీ రుచిగా ఉందని కూడా గుర్తుంది. దానికేమంటారు?

చిరునామా తప్పని అర్జీ కొట్టేశారు. మా ఆయన కరెంటు బిల్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ‘మీ ఇంటివాళ్లే ఆమె లేదన్నారు’ అన్నారట వాళ్లు. ఇంటికొచ్చి నన్నడిగాడు. ఎవరూ రాలేదన్నాను. ఆన్‌లైన్ సంగతి అడిగితే, సర్వర్ తీసుకుని ఉండదన్నాను. ఆయన నమ్మాడు. అత్తయ్య నమ్మింది. పోలీసు గేటు దాకా రాకుండానే రాసేసి ఉంటాడని వీధి వీధంతా నమ్మింది. అప్పుడైనా నోరు విప్పి ఉంటే ఆ పిల్ల చదువు దక్కేదేమో. విప్పలేదు.

రెహెమా డిగ్రీ లేకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత అత్తయ్య ఖాకీ చొక్కా కనబడితే చాలు, ‘నా బిడ్డ నోట్ల మన్ను కొట్టినోడు, వాని చేతులు పడిపోను’ అని శాపనార్థాలు పెట్టేది. ఆవిడకు అన్నం వడ్డిస్తూ నేను వినేదాన్ని. ఆ చేతులు నావి.

మరుసటి ఆషాఢంలో అత్తయ్య నన్ను పిలిచి బోనం నా తలమీద పెట్టింది. నేను నోరు తెరిచే లోపే ఆవిడే చెప్పింది, “రెహెమా పోయేనాడు నా చేతులు పట్టుకొని అడిగింది. ‘అమ్మా, వచ్చేసారి అక్కకియ్యి. పోయినసారి అక్క ఏడ్చింది’ అని.”

నేను ఏడ్చానా? ఏడవలేదనే అనుకున్నాను. ఇంటిల్లిపాదిలో ఆ పిల్ల ఒక్కతే చూసింది.

అత్తయ్య పోయింది. పోయేదాకా తిడుతూనే ఉంది, నన్ను కాదు. ఏటా బోనం నేనే ఎత్తుతున్నాను. మా ఇంటి కోడలంటే ఇలా ఉండాలని పక్కింటివాళ్లు అంటుంటారు. వినలేక చస్తున్నాను. రెహెమా ఎక్కడుందో తెలియదు. వెతకలేదు. ఆమె నన్ను క్షమిస్తుందేమోనని భయం, క్షమించే రకం పిల్ల. మీరు మాత్రం ఆ పని చేయకండి.

ఆ కానిస్టేబుల్ అడిగినదానికి ఈరోజు జవాబు చెబుతున్నాను. చెబుతుంటే గుండె కాస్త తేలికపడుతోంది, అది కూడా నాకు దక్కకూడనిదే.

ఉందండీ. రెహెమా మా పై పోర్షన్‌లోనే ఉంది. ఆ ఆరేసిన గుడ్డ ఆమెదే.