చినగని తువ్వాలు

ఎనభైల మొదట్లో ఓసారి వరంగల్‌లో ప్యాసింజర్ రైలెక్కి, తువ్వాళ్ల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ నా మగ్గం మీద నేసినవే. ఎదుటి సీట్లో ఉన్న నడివయసు మనిషి ఒకటి చూపించమన్నాడు. ఇచ్చాను. దాన్ని రెండు చేతులకూ చుట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. కొనేవాళ్లు అలా లాగి చూడటం మామూలే.

"ఎంత గుంజినా చినగది అన్నా," అన్నాను గర్వంగా.

"మా తమ్మునిది గూడ చినగలే," అన్నాడు.

అన్నదమ్ములిద్దరూ కాగితం మిల్లులో పనిచేసేవారట.

"ఆవిరికి ఒకటే చెమట కారుతది తమ్మీ. మెడల తువ్వాల లేకుంటే ఆడ నిలవలేం. మా వాని తువ్వాల కొస రోలర్ల నడుమకు పోయింది. చినిగితే బతికేటోడు. మిషన్ బంద్ చేసే స్విచ్చి అవతలి కొసకున్నది. నేను ఉరికేసరికి..."

చేతులకు చుట్టుకున్న తువ్వాలును విప్పాడు.

"రోలర్ల ముంగట అడ్డంగ ఇనుప జాలి పెట్టమని రెండేండ్లు అడిగినం. తమ్ముని దినాలైనంక పనికి పోతే, నాతోనే బిగిపిచ్చిండ్రు. నాలుగు బోల్టులు. గంట గూడ పట్టలే."

తువ్వాలును పసిబిడ్డ బట్టలా మెల్లగా మడిచి నా మూట మీద పెట్టాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగిపోయాడు.

ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తువ్వాళ్లే నేశాను, అంతే గట్టిగా. కొనేవాళ్లు లాగి చూసి, ఏమంటానోనని నా ముఖంలోకి చూసేవారు. చినగదని మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు.