రెండో మెసేజి

యాభై దాటేదాకా నాకు అక్షరాలు రాలేదు, అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు.

కుందలహళ్ళిలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో నేనూ మా చెల్లెలూ ఊడ్చి, టీ కాచేవాళ్ళం. వాళ్ళ వెబ్‌సైటు ఆగిపోతే ఒక ఫోనుకు మెసేజి వచ్చేది. ఇంజనీర్లు భోజనానికి పోయినప్పుడు ఆ ఫోను చెల్లెలికిచ్చేవారు, దానికి చదువొచ్చు కనుక. అది ఫోను నడుముకు దోపుకుని తిరుగుతుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒక శనివారం భోజనాల వేళ, మెసేజి సరిగ్గా వస్తుందో లేదో చూడడానికి ఒక ఇంజనీరు ఆఫీసులోనే ఉండి సైటును కావాలనే ఆపాడు. ఫోను మోగగానే చెల్లెలు క్యాంటీనుకు వెళ్ళి చెప్పింది. అందరూ దాన్ని మెచ్చుకున్నారు. నేను ఓర్చుకోలేకపోయాను. కాసేపటికి ఫోను మళ్ళీ మోగితే దాని చేతిలోంచి లాక్కుని పరుగెత్తాను.

"సార్, మళ్ళీ ఆగిపోయింది!"

ఇంజనీర్లు ప్లేట్లు వదిలేసి లేచారు. చెల్లెలు వెనకే వచ్చింది.

"ఏమక్కా నీ గోల! సైటు తిరిగి నడస్తా ఉండాదని వచ్చిండే మెసేజి అది."

"నీకొక్కదానికే వినబడుతుందా దాని మోత?"

"మోత అందరికీ ఇనబడతాది. చదివేదెవురు?"

అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే కొట్లో పలక కొనుక్కుని, దాని ఇంటి తలుపు తట్టాను.