రాహేలమ్మ గీతలూ చుక్కలూ

మా అమ్మ రాహేలమ్మకు అక్షరమ్ముక్క రాదు. ఈ మాట చెప్పగానే కొందరు అయ్యో పాపం అంటారు. ఆ జాలేదో మీ దగ్గరే పెట్టుకోండి. ముందు నేను చెప్పేది వినండి.

1936లో పత్తికొండ దాపున ఒక మిషను హాస్టల్లో అమ్మ గింజలు కొలిచే పని చేసేది. మా నాయన పోయాక దేవుడు చూపించిన దారి అదొక్కటే. ఆమె పనిలో ఉన్నన్నాళ్లూ నాకు తిండీ చదువూ ఉచితం. ఆ పని పోయిందంటే నేను పలక పక్కన పడేసి వేరుశనగ చేలో కలుపు తీయాల్సిందే.

హాస్టల్లో పదహారు మంది ఆడపిల్లలం. పిల్లకు రోజుకొక సోల కొర్రబియ్యం. కొట్టుగది గోడకు ఐదు కొలపాత్రలు వరసగా వేలాడేవి: కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, అట్లా సోల దాకా; కుంచానికి పదహారు సోలలు. సోలతోనే పదహారుసార్లు పోస్తుంటే మధ్యలో ఎవరో ఒకరు పలకరిస్తారు, ఎంచింది కాస్తా మరిచిపోతాం. అందుకని అమ్మ తనకు తానే ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ పాత్రనైనా రోజుకు ఒక్కసారి నింపడం, లేదంటే అసలు ముట్టకపోవడం. నింపితే ఆ పాత్ర కింద గోడమీద బొగ్గుతో గీత, ముట్టకపోతే చుక్క. రోజుకొక వరస.

ఏళ్ల తరవాత టీచర్ల ట్రైనింగు స్కూల్లో, అంకెలు రెండే ఉన్నా ఏ సంఖ్యనైనా రాయొచ్చని మా లెక్కల మాస్టారు గొప్పగా చెబుతుంటే నాకు నవ్వాగలేదు. మా కొట్టుగదిలో అది రోజూ జరిగే పనే!

ఒక శుక్రవారం పొద్దున, కొత్తగా వచ్చిన హాస్టలు అయ్యవారు దావీదురాజు ఆ గోడ చూశాడు. గీతలు లెక్కపెట్టి, పిల్లలందరి ముందూ అమ్మను పిలిచాడు.

"ఏమమ్మా రాహేలమ్మా, మంగళవారం నాలుగు గీతలు, బుధవారం ఒకటే గీత. మంగళవారం మూడు కొలతలు ఎక్కువ తీసినావే, అవి యాడికి పోయినాయి? రేపటినుంచి పనికి రావద్దు."

నేను అమ్మ వెనక్కి పోయి నిలబడ్డాను. అమ్మకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది.

"మీరు గీతలెన్నో ఎంచుతాండారు అయ్యవారూ. గీత యాడుండాదో చూడల్ల గదా! మంగళవారం పిల్లల్లో వరమ్మ ఊరికి పోయుండె. పదైదు మందే. అడ్డ, మానిక, తవ్వ, సోల నింపితి. బుధవారం వరమ్మ వచ్చె. ఒక్క కుంచం నింపితి, అంతే. బుధవారమే ఒక సోల ఎక్కువ!"

దావీదురాజు నమ్మలేదు. "సరే, పదకొండు మందికి తియ్యి చూస్తాం" అన్నాడు.

అమ్మ కుంచం ముట్టలేదు. అడ్డ నింపింది, మానిక వదిలేసింది, తవ్వ నింపింది, సోల నింపింది. గోడమీద చుక్క, గీత, చుక్క, గీత, గీత. అయ్యవారు సోల చేతికి తీసుకుని ఆ కుప్పంతా తనే మళ్లీ కొలిచాడు. తొమ్మిది, పది, పదకొండు. గింజ మిగల్లేదు.

ఆయన సోలను తిరిగి గోడకు తగిలించాడు. మంచివాడు, పాపం. పిల్లలందరూ వింటుండగానే ఒప్పుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. పని నీదే. కావాలంటే నీకు రాయను, చదవను నేను నేర్పిస్తా."

దొంగను చేసినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని నన్ను ముందుకు తోసింది.

"నాకిప్పుడు యాడొస్తుందిలే అయ్యవారూ. మా జీవమ్మకు చెప్పండి, శానా చదవల్ల అది. గీత యాడుండాదో చూసేది మాత్రం దానికి నేనే నేర్పుకుంటాలే."

ఆ మాటకు అందరికంటే ముందు నవ్వింది దావీదురాజే. నేను ఏడుస్తూనే తరగతికి పోయి కూర్చున్నాను.