మా నాయన కాలి కొలత

మా పిల్లల కేంద్రం గోడకు ఒక నల్లరాతి పలక ఉంది. పాత షెడ్డు తీసి అక్కడే కొత్త భవనం కట్టినప్పుడు బిగించారు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి పేరు, ఆయన పక్కన నిలబడి ఫొటో దిగినవాళ్ళ పేర్లు, ఆఖరికి సిమెంటు పని చేయించిన మేస్త్రీ పేరు కూడా చెక్కించారు. ఆ పలక చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. లోపల హాల్లో గోడ వెంబడి షెడ్డునాటి ఐదు గుంతలు అలాగే ఉన్నాయి, వాటికి చెక్క మూతలున్నాయి. చూడవచ్చినవాళ్ళు అవి నీళ్ళ తొట్లా అని అడుగుతారు. కాదు బాబూ, ఈ కేంద్రం పుట్టిందే ఆ గుంతల్లో. వాటిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళ పేరు ఒక్కటీ ఆ రాతి మీద లేదు. సరే, నేనూ ఎవరి పేరూ రాయను. జరిగింది మాత్రం రాస్తాను.

నగరిలో మాది మగ్గాల వీధి. మా నాయన ఒక యజమాని షెడ్డులో నేసేవాడు. పొడుగాటి పెంకుల షెడ్డు, అందులో పన్నెండు గుంత మగ్గాలు. నేసేవాడు నేల అంచున కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. తలుపు నుంచి మూడో గుంత మా నాయనది. మీసాలు రాకముందు అందులో కాళ్ళు దించినవాడు, నలభై ఏళ్ళు అక్కడే నేశాడు. డెబ్బైల చివర్లో యజమాని వీధి చివర కొత్త షెడ్డు వేసి పవర్‌లూమ్‌లు దించాడు. పన్నెండు మగ్గాలూ విప్పి, దుంగలూ చెక్కలూ ఒక మూల పేర్చారు. గుంతలు మాత్రం అలాగే నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాయి.

మిషన్ల దగ్గరకు ఆడవాళ్ళు పనికి పోసాగారు, పిల్లల్ని చంకనేసుకుని. తిరిగే బెల్టు పక్కనే గుడ్డ పరిచి పడుకోబెట్టేవాళ్ళు. మా ఎదురింటి పాపకు మూడేళ్ళు. ఆ బెల్టులో రెండు వేళ్ళు పోయాయి. నేను అప్పుడే తిరుపతిలో బాలవాడి టీచరు ట్రైనింగు ముగించుకుని ఇంటికొచ్చాను. ఆ పాప చేతికట్టు చూసి ఉండబట్టలేక, ఆ సాయంత్రమే యజమాని ఇంటికి పోయాను.

“మామా, ఖాళీగా పడుండే షెడ్డు నాకియ్యి. పిల్లోళ్ళను పెట్టుకుంటా.”

ఆయన పెద్దగా నవ్వాడు. “ఆలూ లేదు సూలూ లేదు, అప్పుడే షెడ్డు అడగతాండావే! సరే, దసరా దాకా వాడుకో. ఆ లోపల చిత్తూరు ఆఫీసు నించి గుర్తింపు కాగితం తెచ్చినావంటే షెడ్డు పిల్లోళ్ళదే. తేలేదంటే ఆడ కూడా మిషన్లు దించుతా.”

“తెస్తా.”

“సూస్తాం లేమ్మా.”

నవ్విన నాపచేనే పండుతుంది అనుకుంటూ వచ్చేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ ఆ కోపమే నాతో చాలా పనులు చేయించింది.

మొదటిరోజు పదముగ్గురు పిల్లలు వచ్చారు. నేనూ, ఒక ఆయా. పిల్లల వెనకాలే, ఎవరూ పిలవకుండానే, మా నాయనతో పాటు నేసిన పక్కింటి పెదనాయన వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా తన గుంత దగ్గరకు పోయి, అంచున కూర్చుని కాళ్ళు దించాడు. “అబ్బా, ఎన్నాళ్ళకు!” అన్నాడు. మర్నాడు మా నాయన వచ్చాడు. మగ్గం విప్పినప్పటి నుంచి ఇంట్లో నోరు విప్పని మనిషి, మూడో గుంతలో కూర్చోగానే ఒక పిల్లవాణ్ణి పిలిచి “మీ అబ్బ పేరేందిరా?” అని వాడి తాత పేరు అడిగాడు. వారం తిరిగేసరికి ఎనిమిది మంది ముసలివాళ్ళు, వాళ్ళలో ఇద్దరు ఒకప్పుడు మగ్గాలకు నూలు కండెలు చుట్టిన అవ్వలు. గుంతలో కాళ్ళు దించి కూర్చున్న మనిషి ముఖం, నిలబడిన పిల్లల ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పిల్లలు వచ్చి భుజాల మీద వాలేవాళ్ళు, వీపు మీద ఎక్కేవాళ్ళు, ఒళ్ళో నిద్రపోయేవాళ్ళు. ముసలివాళ్ళు పాటలు నేర్పారు, నూలు ముళ్ళు వేయడం నేర్పారు, ముక్కులు తుడిచారు. పిల్లలు ముప్పై మంది అయ్యారు. ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో చెప్పలేనట్టుండేది. నాకు మాత్రం గాలిలో తేలినట్టుండేది.

అప్పుడు చిత్తూరు నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

“ఇన్ని గుంతలా! పిల్లలు పడితే ఎవరిది బాధ్యత? నేల సమం చేయించండి. నెల తర్వాత మళ్ళీ వస్తాను. ఇలాగే ఉంటే గుర్తింపు మాట మరిచిపోండి.”

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. ఆ ఆదివారమే నాలుగు బండ్ల ఎర్రమట్టి తోలించాను. పన్నెండు గుంతలూ పూడ్పించి, దిమ్మెస కొట్టించి, పేడతో అలికించాను. ముసలివాళ్ళ కోసం బడి నుంచి రెండు బెంచీలు అడిగి తెచ్చాను. నున్నటి నేల చూసుకుని మురిసిపోయాను. ఇంక కాగితం రాకుండా ఎవరు ఆపుతారో చూద్దాం అనుకున్నాను.

సోమవారం ముసలివాళ్ళు ఒక్కరూ రాలేదు. మంగళవారమూ రాలేదు. ముప్పై మంది పిల్లలతో నేనూ ఆయా నానా తిప్పలు పడ్డాం. ఒకడికి గంజి పోస్తుంటే ఇంకొకడు వీధిలోకి పరుగు. గురువారం ఒక పిల్లాడు తలుపు దాటి పోయింది ఇద్దరమూ చూడలేదు. వాడు అమ్మను వెతుక్కుంటూ పవర్‌లూమ్ షెడ్డులో దూరాడు. బెల్టుకు జానెడు దూరంలో వాళ్ళమ్మ వాడి చొక్కా పట్టి లాగింది. ఆమె వాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టి, తిరిగి పనికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం పెదనాయన ఇంటికి పోయి అడిగాను. “పనుండాది లేమ్మా” అన్నాడు. ఏం పని? గోడ చూసుకుంటూ కూర్చునే పని! అవ్వల్ని అడిగితే ఒకామె మోకాళ్ళు అంది, ఒకామె దగ్గు అంది. ఇంటికి వచ్చేసరికి మా నాయన అరుగు మీద ఒక కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అందరి మీది కోపమూ ఆయన మీద కక్కేశాను.

“నీకేమైంది నాయనా? సొంత కూతురు పెట్టిన సెంటరుకు రాకుంటే ఊళ్ళోవాళ్ళు ఎందుకొస్తారు? మంచి నేల చేయిస్తి, బెంచీలు తెస్తి! ఇంకేం కావల్ల మీకు?”

ఆయన తన మోకాలు నిమురుకున్నాడు. “బెంచీ మీద కూసుంటే పిల్లోళ్ళు చేతికి అందరమ్మా. కింద కూసుంటే కాళ్ళు మడతబడవు. పుట్టినకాడ్నించి గుంతలో దించిన కాళ్ళు ఇవి.” చాపిన కాలు అరుగు కిందికి దించాడు. “అయినా, నేను బతికే ఉండా కదమ్మా. నా గుంత ఎట్లా పూడ్సినావు?”

లోపల్నుంచి అమ్మ అరిచింది. “ఆ మాట ఇప్పటిదాకా కడుపులో పెట్టుకోనుండాడు. దానికి తెలీదా ఏమి? మీ అబ్బ పోయిన దినాలకు ఇంట్లో గుంత పూడ్సలేదా? నువ్వు తట్ట పట్టుకోని నిలబడలేదా?”

నాకు తెలుసు. నేసేవాడు పోయి, ఆ గుంతలో కూర్చునే వారసుడు లేకపోతే, దినాలయ్యాక మట్టి పోసి పూడుస్తారు. మా నాయన షెడ్డులో నేసేవాడు కనుక మా తాత గుంతనూ అలాగే పూడ్చారు. అది ఇంటి మగ్గానికే అనుకున్నాను. యజమాని షెడ్డుకు ఆ పట్టింపు ఉంటుందని నా చదువుకున్న బుర్రకు తట్టలేదు. బతికున్న నేతగాళ్ళు ఆరుగురికీ ఒకే ఆదివారం దినం పెట్టేశాను. ఏడుపు ఆగలేదు నాకు. ఏడుస్తూనే గడ్డపార ఎక్కడుందని అమ్మను అడిగాను.

తెల్లవారి పిల్లలు రాకముందే మూడో గుంత తవ్వడం మొదలుపెట్టాను. దిమ్మెస గట్టిగా కొట్టించాను కదా, చేతులు బొబ్బలెక్కాయి. సగం తవ్వేసరికి వెనక నుంచి నాయన గొంతు వినిపించింది. “అంతలోతు సాలదు. ఇట్లా రా.”

ఆయన చేతిలో నూలుపోగు ఉంది. మోకాలి మడత నుంచి మడమ దాకా పోగు పట్టి, దానికి ఇంకో రెండు వేళ్ళ మందం పోగు కలిపాడు. “ఎవురి గుంత వాళ్ళ కాలికి తవ్వల్ల. లోతు తక్కవైతే నడుము పోతాది, ఎక్కవైతే కాళ్ళు తిమ్మిరెక్కతాయి” అన్నాడు. నేను ఆ వీధిలో పుట్టి పెరిగి కూడా ఆ సంగతి ఎరగను. తర్వాత ఆయనే ఇంటింటికీ పోయి ఒక్కొక్కరి కాలు కొలుచుకొచ్చాడు. అన్నీ అవసరం లేదు, మూడోదానితో కలిపి గోడ పక్కన ఐదు చాలు, కొలత కలిసినవాళ్ళం వంతులవారీగా కూర్చుంటామని వాళ్ళే తేల్చుకున్నారు. మూల పేర్చిన మగ్గం దుంగలు కోయించి పెదనాయన మూతలు చేశాడు. లేచినవాడు మూత వేసి లేవాలి, అదీ కట్టుబాటు.

చెప్పిన నెలకు ఆఫీసరమ్మ వచ్చింది. నాలుగు గుంతల్లో నలుగురు ముసలివాళ్ళు, వాళ్ళ మీద కుప్పలుగా పిల్లలు, ఐదో గుంతకు మూత వేసి ఉంది.

“నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి?”

“మీరు చెప్పినట్టు సమం చేయించినా మేడమ్. పెద్దోళ్ళు రాకుండా పొయినారు. ఒక పిల్లోడు మిషన్ల కాడికి పొయినాడు. అందుకే మళ్ళా తవ్వినా. మళ్ళా పూడ్చను.”

ఆమె ఆ ఐదో గుంత మూత మీద కాలితో గట్టిగా తొక్కింది. “పిల్లలు ఇది ఎత్తితే?”

మా నాయన కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. “మగ్గం దుంగమ్మా అది. దాన్ని లేపే వయసొచ్చేటప్పటికి ఈ పిల్లోళ్ళు పెద్దబడికి పొయ్యుంటారు.”

ఆమె నవ్వలేదు. పిల్లల్ని లెక్కపెట్టింది, పొయ్యి చూసింది, నీళ్ళ కుండలు చూసింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, “దీన్ని కాగితంలో ఏమని రాయమంటారు?” అని విసుగ్గా అడిగింది.

“పెద్దోళ్ళు కూసునే సోటు అని రాయండమ్మా. ఉండేది అదే కదా” అన్నాడు నాయన.

ఏం రాసిందో నాకు చూపించలేదు. దసరాకు నాలుగు రోజుల ముందు కాగితం వచ్చింది. తీసుకుపోయి యజమాని చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదువుకుని, “మొండిదానివమ్మే నువ్వు” అన్నాడు. షెడ్డు తాళంచెవి ఇచ్చేశాడు.

మా నాయన పోయింది ఎనభైల మొదట్లో. ముందురోజు కూడా మూడో గుంతలో కూర్చుని, పిల్లలకు చెనిక్కాయలు వొలిచి పెట్టాడు. దినాలైన మర్నాడు పెదనాయన తట్టెడు మట్టి ఎత్తుకుని సెంటరుకు వచ్చాడు. వెనక మరో ఇద్దరు తట్టలతో. నాకు అన్నదమ్ములు లేరు. నేను నేయడం నేర్వలేదు. ఆచారం ప్రకారం పూడ్చాల్సిందే, ఆయన తప్పేమీ లేదు. ఆయన కళ్ళు నాకంటే ఎక్కువ ఉబ్బి ఉన్నాయి.

తట్ట నేల మీద పెట్టి, వంగి మూత తీశాడు. నేను పోయి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించేశాను.

“లెయ్యమ్మా.”

“లెయ్యను.”

“ఆచారం తల్లీ. మీ నాయన పొయినాడు.”

“నేను బతికే ఉండా కదా పెదనాయనా.”

ఆయన తట్ట మళ్ళీ చేతికెత్తుకున్నాడు. పిల్లలు చుట్టూ చేరారు. మా నాయన పొడగరి, నేను అమ్మ పోలిక. నా కాళ్ళు అడుగుకు అందక వేలాడుతున్నాయి. పెదనాయన వాటినే చూశాడు. తట్ట దించి, రొంటిన దోపుకున్న నూలుపోగు తీశాడు. నా మోకాలి మడత నుంచి మడమ దాకా పట్టి, రెండు వేళ్ళు కలిపాడు.

“కాళ్ళు పైకెత్తు” అన్నాడు.

తెచ్చిన మట్టిలో జానెడు మందానికి సరిపడా పోసి, కర్రతో దిమ్మెస కొట్టాడు. మిగిలింది బయట పారబోయించాడు.

“ఇప్పుడు దించు.”

దించాను. అరికాళ్ళు నేలకు ఆనాయి.