అవ్వ విన్న లినక్స్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. దేన్నయినా బట్టీ పట్టేస్తే అది మనదైపోతుందని. పదో తరగతి సాంఘికశాస్త్రం అలాగే గట్టెక్కింది, డిగ్రీ కూడా అలాగే గట్టెక్కింది, ఇక లినక్స్ మాత్రం ఎందుకు లొంగదు అనుకున్నాను. (కంపెనీల్లో రాత్రింబవళ్లు నడిచే పెద్ద కంప్యూటర్లను సర్వర్లంటారు. వాటిలో చాలావాటిని నడిపించేది లినక్స్. అవి ఆగిపోకుండా కాచుకునే ఉద్యోగం కోసమే నా తపస్సంతా.) వడమాలపేటలో బస్సెక్కి రోజూ తిరుపతికి కోచింగుకు వెళ్లేదాన్ని. సీటు దొరికితే కూర్చుని కమాండ్లు, దొరక్కపోతే కమ్మీ పట్టుకుని కమాండ్లు. కండక్టరు వచ్చి టికెట్ అడిగినా నా పెదాలు ఆగేవి కావు. పాపం, ఏదో స్తోత్రం చదువుకుంటున్నానని ఆయన నా దగ్గర గొంతు తగ్గించేవాడు.

మొదటి ఇంటర్వ్యూ చెన్నైలో. పులిహోర డబ్బా పట్టుకుని నాయన తోడొచ్చాడు. లోపల ఎవరో పెద్దమనిషి ఇంగ్లీషులో "మీ గురించి చెప్పండి" అన్నాడు. అంతే, నాలో ఏ గేటు తెరుచుకుందో గాని, లినక్స్‌లో ఏ ఫోల్డరులో ఏముంటుందో మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పేశాను. ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన సందులో ఆయన థ్యాంక్యూ చెప్పి తలుపు వైపు చూశాడు. బయట నాయన ఆత్రంగా అడిగాడు, "ఎట్ల చెప్పినావు పాపా?" "అంతా చెప్పినా నాయనా," అన్నాను. అందులో అబద్ధం లేదు. అడగనిదంతా చెప్పాను.

అక్కడి నుంచి కబురు రాలేదు. కొన్నాళ్లకు తిరుపతిలోనే ఒక చిన్న కంపెనీ పిలిచింది. ఈసారి నాయన ముందే తేల్చేశాడు. "ఈ తూరి గూడా కాకపోతే పుత్తూర్లో మీ మామ జిరాక్సు అంగట్లో కూసుందువు. అదీ మిసనే గదా." మామ మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆ మిషను మూత ఎత్తుతూ, దించుతూ గడిచిపోయే నా జీవితమంతా కళ్ల ముందు ఆకుపచ్చ వెలుగులో కనిపించి అన్నం సయించలేదు.

ఇంగ్లీషులో బట్టీ పట్టిందే చెన్నైలో కొంప ముంచింది కాబట్టి, ఈసారి అర్థాన్ని తెలుగులోకి మార్చుకుని గట్టిగా చెప్పుకుంటూ వసారాలో పచార్లు మొదలుపెట్టాను. లినక్స్‌లో నడుస్తున్న ప్రతి పనినీ ప్రాసెస్ అంటారు. ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పుట్టిస్తే మొదటిది తల్లి, రెండోది బిడ్డ. బిడ్డ పని ముగించి చనిపోయాక తల్లి ఆ సంగతి విచారించాలి. విచారించకపోతే ఆ బిడ్డ పేరు జాబితాలో అలాగే దయ్యంలా వేలాడుతుంది. అది పోవాలంటే తల్లిని ఆపాలి, ఆపడాన్ని లినక్స్‌లో 'కిల్', అంటే చంపడం, అంటారు. ఇదీ పాఠం. వసారా చివర చెనిక్కాయలు వలుస్తున్న మా అవ్వకు (నాయన వాళ్లమ్మ) వినిపించింది మాత్రం ఇది: "బిడ్డ చచ్చిపోయింది. తల్లి పట్టించుకోలేదు. బిడ్డ దయ్యమయింది. చచ్చినదాన్ని మళ్లీ చంపలేం. కాబట్టి తల్లిని చంపాల."

అవ్వ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. చాట పక్కన పెట్టి పెరట్లోకి పోయి నాయనతో అంటున్న మాటలు నాకు కిటికీలోంచి వినిపించాయి.

"ఒరే అబ్బోడా, పాపకు ఏందో సోకిండాదిరా. తల్లిని సంపాల అంటాండాది."

"సదువుకుంటా ఉండాదిలేమ్మా."

"ఏం సదువురా అది, సంపే సదువు? రేపే కాళాస్త్రికి పిల్సకపోయి పూజ సేయించు."

ఆ సాయంత్రం ఎండుమిరపకాయలు, ఉప్పు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకు దగ్గీ దగ్గీ ఊపిరి తిప్పుకున్నాక, మా అమ్మ వంటింట్లో ఓ మూలకు ఒదిగి నన్ను ఎందుకు వింతగా చూస్తోందో అప్పటికి అర్థమైంది. ఇక లాభం లేదని అవ్వను కూర్చోబెట్టి అది మనుషుల తల్లీబిడ్డల కథ కాదనీ, కంప్యూటరులో పనుల కథ అనీ వివరించాను. శ్రద్ధగా విన్నది. విని, ప్రశ్నలు మొదలుపెట్టింది.

"సరేమే, ఆ బిడ్డ ఎందుకు సచ్చింది?"

"దాని పని అయిపోయిందవ్వా."

"మరి వాళ్లమ్మ యాడికి పోయింది? ఏం పన్లో ఉండాది? ఎవురూ పోయి సూడలేదా?"

కోచింగులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు మొదటిసారి బట్టీ మానేసి పాత ల్యాప్‌టాప్ తెరిచి, ఆ తల్లి ఎక్కడ ఉందో నిజంగానే వెతికాను.

ఇంటర్వ్యూలో తల్లీ లేదు, బిడ్డా లేదు. గళ్ల చొక్కా వేసుకున్న సార్ ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "దీంట్లో చోటు నిండిపోయింది. పెద్ద ఫైలు ఒకటి తీసేశాం. అయినా చోటు ఖాళీ కాలేదు. ఎందుకో చూడండి," అన్నాడు. నేను చదివిన ప్రశ్నల్లో అది లేదు. చెవుల్లో జిరాక్సు మిషను మూత చప్పుడు వినిపించినట్టయింది. ఏం చేయాలో తోచక నాలో నేనే గొణుక్కున్నాను. "తీసేసినాక యాడికి పోయిందిది? ఎవురు పట్టుకోనుండారు దీన్ని?"

"ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?" అన్నాడు సార్.

"మా అవ్వతో సార్," అనేశాను.

ఆయన ఒకసారి తలుపు వైపు చూశాడు. నేను మాత్రం ఆ "ఎవురు" దగ్గరే ఆగిపోయాను. తీసేసిన ఫైలును ఏదైనా ప్రోగ్రాము ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే? వెతికాను. కమాండు రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారికి దొరికింది. ఫైలు పోయిందని తెలియని ప్రోగ్రాము ఒకటి దాన్ని వదలకుండా అందులోనే రాసుకుంటోంది. సార్‌ను అడిగి దాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టాను. చోటు ఖాళీ అయింది. ఆనందం పట్టలేక "దొరికినాది సార్!" అని అరిచాను. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు. సార్ నా యాసకు నవ్వాపుకుంటూ, "మీది పుత్తూరు పక్కనా?" అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. వారంలోనే చేరాను. మామ తన అంగట్లో నా జాయినింగు పత్రాలన్నీ దగ్గరుండి జిరాక్సు తీసిచ్చాడు, పైగా తనకు మంచి మనిషి చేజారిపోయిందని బాధపడ్డాడు కూడా.

ఇప్పుడు నేను బల్లకు అవతలి వైపు కూర్చుని ఇంటర్వ్యూలు చేస్తున్నాను. చిత్తూరు నుంచి, పలమనేరు నుంచి పిల్లలొస్తారు, చక్కగా మాట్లాడతారు, నాకు తెలియనివీ కొన్ని చెబుతారు. నూనె రాసి బిగించి జడ వేసుకుని, మోకాళ్ల మీద ఫైలు నిటారుగా పెట్టుకుని, ఊపిరి తిప్పుకోకుండా ఫోల్డర్ల పేర్లు అప్పజెప్పిన చెన్నై నాటి పిల్ల గనక నా ఎదుట కూర్చుంటే ఉద్యోగం ఇస్తానా అని ఒక్కోసారి ఆలోచిస్తాను. నిజం చెప్పాలంటే, ఇవ్వనేమో. కానీ థ్యాంక్యూ చెప్పి పంపించను. ముందు ఒక గ్లాసు మజ్జిగ తెప్పిస్తాను. తాగేదాకా ఆగి, అప్పుడు మెల్లగా అడుగుతాను, "నిదానంగా చెప్పుమే, నీది యా ఊరు?" అని.