కుట్టుమిషను మీద పడ్డ నింద

వీధిలో అందరూ ఆమెను టైపమ్మ అంటారు. కోడిగీతల్లాంటి చేతిరాతనైనా సరే చదివి శుభ్రంగా టైపు చేసిపెడుతుంది. ముందు గదిలో ఒక గోడకు ఆమె కంప్యూటర్, ఎదురు గోడకు అత్తగారి కుట్టుమిషను. ఏడేళ్ళుగా ఇద్దరికీ అదే గది, అదే ప్లగ్గుల బోర్డు. ఏనాడూ పేచీ లేదు.

ఈ మధ్య ప్రెస్సు ఓనరు మూడు వందల పేజీల పుస్తకం చేతిలో పెట్టి, "ఇవాళ్టికి నాలుగో శనివారం మధ్యాహ్నంలోగా రాకపోతే ఇక పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యం చేశావు" అని మొహం మీదే చెప్పాడు. ఆమెకు వచ్చే పనంతా ఆ ప్రెస్సు నుంచే. సరిగ్గా అప్పుడే కంప్యూటర్‌కు మాయరోగం పట్టుకుంది. అరగంట బుద్ధిగా పనిచేస్తుంది, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా టప్పున ఆరిపోతుంది. అప్పుడే కొట్టిన పేరా కాస్తా గంగపాలు.

మెకానిక్ షాపుకు రెండుసార్లు మోసుకెళ్ళింది. అక్కడ ఆ మహాతల్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కసారంటే ఒక్కసారి ఆగలేదు. పవర్ సప్లై కూడా మార్చి చూసి, "నా దగ్గర బానే నడుస్తోందండీ. మీ ఇంట్లో కరెంటే సరిగా లేదేమో" అని చేతులు దులుపుకున్నాడతను. టైపమ్మకు ఒళ్ళు మండిపోయింది.

కరెంటు అనగానే ఆమె చూపు ఎదురు గోడ మీద పడింది. మిషను మోటారు గుర్రుమన్నప్పుడల్లా లైటు కాస్త మసకబారడం తను చూడలేదూ?

"అత్తయ్యా, ఈ పుస్తకం అయ్యేదాకా ఆ మిషను జోలికి వెళ్ళకండి. నా ప్రాణం తీస్తోంది."

"అలాగేలేమ్మా" అని ఆవిడ ప్లగ్గు పీకేసింది.

అయినా కంప్యూటర్ ఆరిపోతూనే ఉంది. అప్పుడైనా నింద వెనక్కి తీసుకోవాలి కదా? తీసుకోలేదు. చిరాకులో ఉన్న మనిషికి న్యాయం తోచదు. మిషనుకు తోడు ఫ్యాను, ఇస్త్రీపెట్టె, చివరికి ఫ్రిజ్ కూడా ఆపించింది. అలా పది రోజులు గడిచాయి.

శుక్రవారం మధ్యాహ్నం, ఇంకా నలభై పేజీలుండగా మళ్ళీ టప్. టైపమ్మ బల్ల మీద గుద్ది, "పగలగొట్టి పారేస్తా దీన్ని!" అని అరిచి, ఏడ్చేసింది. పనిలేక గుమ్మంలో కూర్చున్న అత్తగారు లేచి వచ్చి, కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"ఇదేంటమ్మా, ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది!"

ఆ పెట్టెకు తొడుగు ఉంది. దుమ్ము పడనివ్వద్దని మెకానిక్ ఎప్పుడో అన్నాడు. దారప్పోగులు ఎగిరే గది కదా అని టైపమ్మే నెల కిందట అత్తగారి చేత కుట్టించుకుంది. లోపల మందంగా అస్తరు వేసి, బటన్‌కు ఓ కాజా, వెనక వైర్లకు ఓ చీలిక వదిలి, వేలు దూరనంత బిగువుగా కుట్టిందావిడ. పనిచేసేటప్పుడూ అది తొడిగే ఉంటుంది.

"షాపుకి ఇది తొడిగే తీసుకెళ్ళావా?"

టైపమ్మ అడ్డంగా తలూపింది. కొత్త తొడుగు మాసిపోతుందని ప్రతిసారీ ఇంట్లోనే విప్పి, మడతపెట్టి వెళ్ళింది.

"ఇలా మూసేస్తే ఎవరికైనా ఊపిరాడుతుందా? కుట్టేముందు నేనైనా ఆలోచించాల్సింది" అంటూ ఆవిడ తొడుగు లాగేసింది.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఆరలేదు.

"అత్తయ్యా, ఇక మీ మిషను పెట్టుకోండి."

"పెట్టుకుని ఏం కుట్టను? గుడ్డలిచ్చినవాళ్ళు ఎన్నాళ్ళని ఆగుతారు? ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారుగా. నువ్వు పని చూసుకో."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. టైపమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి మిషను ప్లగ్గు తనే పెట్టింది. తొడుగు తెచ్చి అత్తగారి చేతికిచ్చి, "ఇది విప్పి మీ మిషనుకి కుట్టుకోండి" అంది. మోటారు గుర్రుమంది, లైటు కాస్త మసకబారింది. కంప్యూటర్ మాత్రం తన పాటికి తను పనిచేస్తూనే ఉంది.

శనివారం పదకొండింటికి పుస్తకం ప్రెస్సులో ఇచ్చేసింది. అక్కణ్నుంచి నేరుగా ఇంటికి రాలేదు. గుడ్డలు పట్టుకుపోయిన నాలుగిళ్ళకూ వెళ్ళి, గుమ్మంలో నిలబడి, "మా అత్తయ్య మిషనుకేం కాలేదండీ. పాడైంది నా బుర్ర. నేనే ఆపించాను" అని చెప్పుకుంది. వచ్చేటప్పుడు చంకలో రెండు గౌన్ల గుడ్డ ఉంది.